స్కోరు తక్కువ వస్తే రోగిని త్వరగా ఇంటికి పంపవచ్చా?

చర్చాంశం: కేన్సరు వల్ల మూత్రాశయం తీసేసిన రోగుల్లో సుమారు నలుగురిలో ఒకరు నెల రోజుల్లోపే మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. ఎవరు చేరతారో డిశ్చార్జి నాడే స్కోరు కట్టి, తక్కువ వచ్చినవారిని ముందుగా పంపేయవచ్చా? ఈ ఆపరేషన్‌కు ఆంధ్రప్రదేశ్‌లోని విశాఖపట్నం వెళ్లే మన ఒడిశా రాయగడ, గుణుపురం, జయపురం వారిని దృష్టిలో ఉంచుకుని చెప్పండి.

లెక్కల మాస్టారు, జయపురం: పంపవచ్చుననే నా అభిప్రాయం. వయసు, మధుమేహం, మూత్రపిండాల పనితీరు, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను అన్నీ కేసు షీటులోనే ఉంటాయి. మళ్లీ చేరే ముప్పును అంచనా వేయడానికి కెనడాలో 2010లో రూపొందిన లేస్ (LACE) సూచిక అయితే వేరే నాలుగే అంశాలతో స్కోరు కడుతుంది. పడకలు చాలని చోట డాక్టరు అంచనా ఒక్కదాని కంటే లెక్క నయం కదా?

స్టాఫ్ నర్సు, పర్లాకిమిడి: మాస్టారూ, లేస్ సూచిక అన్ని రకాల రోగుల కోసం చేసినది. ఈ ఆపరేషన్‌లో చిన్నపేగు ముక్కతో మూత్రానికి కొత్త దారి కడతారు. ఆ పేగు మూత్రంలోని క్లోరైడును తిరిగి పీల్చుకుని ఆమ్లాన్ని అదుపులో ఉంచే బైకార్బనేటును మూత్రంలోకి వదిలేస్తుంది కాబట్టి రక్తంలో ఆమ్లం పెరిగి, వికారంతో తిండి తగ్గి, ఒంట్లో నీరు ఇంకిపోయి, చివరకు మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. చీము జ్వరాలు, పేగు కదలిక మందగించడం సరేసరి. వీటిలో చాలావరకు ఇంటికి వెళ్లాకే బయటపడతాయి; డిశ్చార్జి నాటి కాగితంలో వాటి జాడ ఉండదు.

ఆసుపత్రి రికార్డుల గుమస్తా, రాయగడ: నా అభ్యంతరం ఇంకా మొదట్లోనే ఉంది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డులతోనే స్కోరు కట్టే లెక్కల నమూనాను తయారుచేస్తే, తిరిగి అక్కడికే వచ్చినవారే 'మళ్లీ చేరినవారు' అవుతారు. మన మనిషికి రాత్రి చలిజ్వరం వస్తే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటుకుని విశాఖ దాకా వెళ్లలేక దగ్గరి ఆసుపత్రిలో చేరతాడు. ఆ చేరిక విశాఖ ఫైలుకు ఎక్కదు. రాష్ట్రమూ వేరు, రికార్డులూ వేరు. అప్పుడు దూరపు ఊళ్లవారు నిక్షేపంగా ఉన్నారనే తప్పుడు పాఠాన్ని నమూనా నేర్చుకుంటుంది. అందరికంటే ఎక్కువ కనిపెట్టి ఉండవలసినవారికే తక్కువ స్కోరు వస్తుంది! నమూనా ఎంత అధునాతనమైనదైనా దీన్ని సరిదిద్దలేదు. రోగులకు ఫోన్ చేసి ఎక్కడ చేరారో అడిగి రాసుకోవాలి.

లెక్కల మాస్టారు, జయపురం: గుమస్తా గారి మాట సబబే. అయినా డేటాలో లోపముందని స్కోరునే పారేయనక్కరలేదు.

స్టాఫ్ నర్సు, పర్లాకిమిడి: పారేయమనడం లేదండీ. మళ్లీ చేరినవారిలో ఒకరిని, చేరనివారిలో ఒకరిని పక్కపక్కన ఉంచితే, చేరినది ఎవరో ఇలాంటి నమూనాలు చాలావరకు నూటికి 60, 70 సార్లే సరిగ్గా గుర్తిస్తాయి. నాణెం ఎగరేసినా 50 సార్లు కుదురుతుంది. ఆ కాస్త నికరంతో ఎవరినీ ముందుగా పంపకూడదు. స్కోరు ఎక్కువ వచ్చినవారికి ముందు ఫోన్ చేయడానికి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, రక్తంలో ఆమ్లం సంగతి తెలిపే బైకార్బనేట్ పరీక్షలు ఊళ్లోనే త్వరగా చేయించడానికి వాడుకోండి. తక్కువ వచ్చినవారికీ వారంలోపు ఒక ఫోన్ వెళ్లాలి, డిశ్చార్జి కాగితం మీద పేగుతో దారి కట్టిన సంగతి ఇక్కడి డాక్టరుకు అర్థమయ్యేలా రాసి ఉండాలి.