మా అయ్యవారిని 'పుట్టాడు, పోయాడు' అని రాస్తారా?

ప్రొద్దుటూరు పిల్లోడు:
ఒళ్ళు మండి రాస్తున్నా, ఏమనుకోవద్దండి. మా నాయనకూ నాకూ ఇద్దరికీ తెలుగు చెప్పిన అయ్యవారు ఒకాయన ఉండేవారు. జిల్లా అంతా తిరిగి అవధానాలు చేసిన మనిషి, పుస్తకాలున్నాయి, పేపర్లలో కూడా వచ్చింది. పోయిన నెల తెలుగు వికీపీడియాలో ఆయన మీద పేజీ మొదలుపెట్టి, రెండు రాత్రులు కూర్చొని రాశాను. మూడో రోజు పొద్దున చూస్తే ఎవరో 'గారు'లన్నీ పీకేశారు. 'జన్మించారు' కాస్తా 'జన్మించాడు' అయింది, 'స్వర్గస్తులయ్యారు' అన్నది 'మరణించాడు' అయింది. 'మహాకవి' అన్న మాట అయితే జాడే లేదు. నేను పాత కూర్పు తిరిగి పెట్టాను, అతను రద్దు చేశాడు, సాయంత్రానికి చెరో రెండు సార్లు అయింది. చర్చా పేజీలో 'ఇది ఇక్కడి శైలి' అని ఒక్క ముక్క రాసి పోయాడు, అంతే. అయ్యవారు పోయి ఎనిమిదేండ్లయినా మా నాయన ఆయన ఉండిన వీధిలోకి వస్తే ఇప్పటికీ సైకిలు దిగి నడుస్తాడు. అట్లాంటి మనిషికి ఈ పేజీ ఎట్లా చూపించాలి? నిర్వాహకులకు ఫిర్యాదు చేయొచ్చా?

తుంగభద్ర ఒడ్డున (కర్నూలు):
ముందు ఆ రద్దులు ఆపు తమ్ముడూ. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లోపు మూడుసార్లకు మించి రద్దు చేస్తే నిరోధం పడుతుంది, అంటే కొన్నాళ్ళు రాయనివ్వరు, ఎవరిది న్యాయమో తర్వాత చూస్తారు. మన తెలుగు వికీలో మనుషులు తక్కువ కాబట్టి కొంచెం ఓపిక పడతారు గానీ నిర్వాహకుడికి చిరాకే. నువ్వు రాసింది ఎక్కడికీ పోలేదు, 'చరిత్ర' నొక్కి చూడు, ప్రతి కూర్పూ అట్లాగే ఉంటుంది.

ఇక ఏకవచనం సంగతి. అది ఆయనొక్కడు పెట్టిన రూలు కాదు, చాలా ఏళ్ళ నుంచి నడుస్తున్న పద్ధతి. అన్నమయ్య తాళ్ళపాకలో పుట్టాడు అంటాం. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన బ్రౌన్ దొర వేమన పద్యాలు సేకరించాడు, నిఘంటువు చేశాడు అంటాం. బడి పుస్తకంలో రాయలవారికే 'ఏలాడు' అని ఉంటే మనమెవరమూ కొట్లాటకు పోలేదు కదా. అయితే కొత్తగా వచ్చినవాడికి ఒక్క ముక్క రాసి పోవడం మాత్రం తప్పే, అది ఒప్పుకుంటా. మా పాత కాపులకు ఆ జబ్బుంది.

నేనూ ఒకప్పుడు ఇట్లాగే తన్నుకున్నా. సీమకు రాయలసీమ అని ఎవరు పేరు పెట్టారన్నది గొడవ. 1928 నవంబరులో నంద్యాల సభలో పుట్టిన పేరన్న దాంట్లో తేడా లేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు పెట్టాడని నేను, కాదు చిలుకూరి నారాయణరావు అని అనంతపురం నుంచి ఇంకొకతను. గాడిచర్ల మా కర్నూలు మనిషి, చిలుకూరి వాళ్ళ కాలేజీలో పాఠాలు చెప్పినాయన, ఇక చూసుకో. వారం రోజులు తిండి కూడా సరిగ్గా తిన్లేదు. చివరికి అతను పుస్తకం తెచ్చి పేజీ నంబరుతో సహా పెట్టాడు. నా దగ్గర 'అందరూ అంటారు' తప్ప ఏమీ లేదు.

పాలకొండ గాలి (కడప):
నేను ఒప్పుకోను. పాత పుస్తకాల సంగతి వేరు, మన కళ్ళ ముందు బతికిన మనిషి సంగతి వేరు. పేపర్లలో 'జన్మించారు' అనే రాస్తారు. అందరికీ 'రు' పెడితే పోలా? తటస్థంగానే ఉంటుంది కదా.

అనంతపురం అక్క:
అందరికీ అంటే అందరికీనా? బాంబులేసి నలుగురిని చంపినోడి పేజీలో కూడా 'ఆయన నలుగురిని హత్య చేశారు' అని రాయాల్సి వస్తుంది, చదివి చూడండి నోటికి ఎట్లుంటుందో. పోనీ వాడికి తీసేద్దామంటారా, ఎవరికి తీయాలో ఎవరు చెప్తారు? అసలు గొడవ అక్కడే.

మా ఊర్లో అరవై ఏండ్ల పెద్దాయన, చెక్కభజన నేర్పిన గురువు, ఆయనను పదేండ్ల పిల్లోడు కూడా 'ఒరే' అని పిలిచేవాడు, ఎందుకో మీకు తెలుసు. పక్క వీధిలో ఏ పనీ రాని మనిషికి మాత్రం 'గారు'. ఎవరికి గారు అన్నది రాసేవాళ్ళ ఇష్టానికి వదిలితే ఆ వీధుల లెక్కే పేజీల్లోకి వస్తుంది. అందరికీ 'డు' అంటే ఆ భజన గురువూ మీ అయ్యవారూ ఒకే వరుసలో కూర్చుంటారు. నాకైతే అది బాగుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు తమ్ముడూ. మీ నాయన సైకిలు దిగి 'నడుస్తాడు' అని రాసింది నువ్వే. అందులో నీకు అగౌరవం కనపడిందా?

తుంగభద్ర ఒడ్డున (కర్నూలు):
అక్క పట్టేసింది! 'మహాకవి' గురించి కూడా చెప్తా. ఆ మాట మనం అనకూడదు, ఫలానా విమర్శకుడు ఫలానా పుస్తకంలో అన్నాడని మూలంతో రాస్తే ఎవడూ తీయడు. ఆయన అవధానాలు ఎక్కడెక్కడ చేశాడు, ఏ పుస్తకం ఏ ఏడు వచ్చింది, అవి పెట్టు. మర్యాద అందులో ఉంటుంది.

ప్రొద్దుటూరు పిల్లోడు:
నాలుగు రోజులు ఆగి వస్తున్నా. నడుస్తాడు అన్నది నిజంగా చూసుకోలేదు అక్కా, నవ్వొచ్చింది. 'మరణించాడు' మాత్రం ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతోంది, అయినా రద్దు చేయలేదు. చర్చా పేజీలో రాస్తే అతను ఈసారి బాగానే మాట్లాడాడు, పుస్తకాల పట్టిక తనే సరిచేశాడు.

నిన్న రాత్రి భయపడుతూనే నాయనకు ఫోన్లో చూపించినా. కళ్ళజోడు పెట్టుకొని మొత్తం చదివినాడు. గారు లేదని ఒక్క మాటా అనలేదు. 'పుట్టిన సంవత్సరం తప్పు రాసినావు, పోయి దిద్దు' అన్నాడు.

తుంగభద్ర ఒడ్డున (కర్నూలు):
దిద్దొద్దు! మీ నాయన మాట మూలం కాదు. అయ్యవారి పుస్తకం ఏదైనా అట్ట వెనక చూసి చెప్పు.