అప్‌డేట్: అమ్మతో కాఫ్ క్రీక్ జలపాతం చూసి వచ్చాము

అరవై రెండేళ్ల మా అమ్మ అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న లోయర్ కాఫ్ క్రీక్ జలపాతం వరకు నడవగలరా అని బెంగళూరు నుంచి బయలుదేరే ముందు మిమ్మల్ని అడిగాను. నడిచారు. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

రానూపోనూ దాదాపు 10 కిలోమీటర్ల ఆ దారిలో ఎక్కుడు పెద్దగా లేదు గాని, ఇసుకే అసలు పరీక్ష. అగర చెరువు గట్టు మీద రెండు నెలలు చేసిన నడక ఆయాసాన్ని తగ్గించింది తప్ప, అడుగడుగునా పాదం దిగబడే ఆ నేలకు మమ్మల్ని సిద్ధం చేయలేదు. మీరు చెప్పినట్టు తెల్లవారగానే బయలుదేరి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోసుకెళ్లడం వల్లనే ఎండ ముదరక ముందే చేరుకోగలిగాము. దారిలో ఎదుటి కొండగోడపై పూర్వం ఆ ప్రాంతంలో నివసించిన ఫ్రీమాంట్ ఆదివాసులు గీసిన మూడు ఎర్రని మనుషుల బొమ్మలను తప్పక ఆగి చూడండి.

నల్లని చారలు దిగిన ఇసుకరాతి గోడ మీది నుంచి నీరు 126 అడుగులు జారుతుంది. అది తగిలినంత మేరా రాయి పచ్చగా నాచు పట్టి ఉంది. అమ్మ బూట్లు విప్పి మడుగులో పాదాలు పెట్టి, ఆ చలికి వెంటనే వెనక్కి తీసుకుని, మళ్లీ పెట్టి, అరగంట సేపు అక్కడి నుంచి కదలలేదు.

తిరుగుదారిలో నీడ తక్కువ కనుక, పెద్దవారితో వెళ్లేవారు పదకొండు గంటలలోపే వెనుదిరగాలని నా మనవి.