అమ్మ అరికాల్లో నల్లమచ్చ: బయాప్సీ చేస్తే పాకుతుందంటున్నారు, నిజమేనా?

పలమనేరు అబ్బాయి:
అందరికీ నమస్కారం. అమ్మకి 58 ఏళ్లు, షుగర్ ఉంది, ఇప్పటికీ పొలంలో ఒట్టి కాళ్లతోనే తిరుగుతుంది. ఎడమ అరికాల్లో, మడమకి కొంచెం ముందు ఒక నల్లమచ్చ ఉంది. ఎప్పటినుంచో ఉందంటుంది కానీ ఈ మధ్య పెద్దదయింది. ఒక పక్క అంచు సిరా ఒలికినట్టు చెదిరిపోయింది, మధ్యలో పగిలి చెమ్మ కారుతోంది. ఊళ్లో ఆనెకాయ అన్నారు, మందుల షాపులో ప్లాస్టర్ ఇస్తే అంటించుకుంది, తర్వాత ఒకాయన బ్లేడుతో పైపైన గీకాడు. తగ్గలేదు సరికదా రక్తం ఆగడానికే చాలాసేపు పట్టింది. ఇప్పుడు తిరుపతిలో చర్మం డాక్టరు చూసి మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అనుమానంగా ఉంది, బయాప్సీ, అంటే పరీక్షకి ముక్క తీయడం, చేయాలన్నారు. ఇంట్లో మామయ్య, పెద్దమ్మ ఒకటే మాట, కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది, వద్దు అని. ఇంకో డౌటు, ఇది తెల్లవాళ్లకి, ఎండలో పడుకునేవాళ్లకి వచ్చేది కదా, మనకి అదీ అరికాల్లో ఎట్లా వస్తుంది? రాత్రంతా ఫోన్లో వెతికితే టెన్షన్ పెరిగింది తప్ప ఏమీ అర్థం కాలేదు.

చంద్రగిరి:
పాకదు తమ్ముడూ. ముందు బయాప్సీ చేయించు, మామయ్యకి తర్వాత సర్ది చెప్పుకోవచ్చు. ఇంకెవరినీ మాత్రం దాన్ని గీకనివ్వొద్దు, కాల్చనివ్వొద్దు, నాటు మందు పూయనివ్వొద్దు.

తిరుపతి, చర్మ విభాగంలో పనిచేసేవాడిని:
కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ రెండో డౌటు. చర్మానికి రంగునిచ్చే కణాలు అందరికీ ఉంటాయి, మెలనోమా వాటిలో పుట్టే క్యాన్సర్. తెల్లవాళ్లలో వచ్చేదానికి ఎండ పెద్ద కారణం, ఆస్ట్రేలియాలో అంత ఎక్కువ ఉండటం అందుకే. మనలాంటి రంగువాళ్లకి మొత్తంగా చాలా అరుదు, కానీ వచ్చినప్పుడు ఎక్కువగా అరికాలు, అరచేయి, గోరు కింద వస్తుంది. దీన్ని ఆక్రల్ మెలనోమా అంటారు. దీనికి ఎండతో సంబంధం లేదు, అందుకే సన్‌స్క్రీన్ రాసుకుంటే ఇది రాదనుకోకండి. బాబ్ మార్లీ అనే జమైకా గాయకుడికి వచ్చింది ఇదే, కాలి బొటనవేలి గోరు కింద. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అనుకున్నారు, 1977లో అసలు సంగతి బయటపడింది, 1981లో 36 ఏళ్లకే పోయాడు.

మన దగ్గర ఆలస్యం ఎక్కడ అవుతుందంటే, అరికాలు ఎవరూ చూసుకోరు, చూసినా ఆనెకాయ అనో, ముల్లు విరిగిందనో, షుగర్ పుండనో అనుకుంటారు. ఆనెకాయ ఒత్తిడి పడేచోట వస్తుంది, గట్టిగా పసుపురంగులో ఉంటుంది, మామూలుగా నల్లగా పాకదు. అలిపిరి మెట్లెక్కి వచ్చాక అరికాల్లో నల్లగా రక్తం చిక్కుకోవడం కూడా చూస్తుంటాం. అది చర్మంతోపాటు పైకి వచ్చి కొన్ని వారాల్లో పోతుంది. పోకుండా పెరిగేదాన్నే అనుమానించాలి. సగం ఒకలా సగం ఇంకోలా ఉండటం, అంచు వంకరటింకరగా ఉండటం, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, బూడిద రంగులు కలిసి ఉండటం, 6 మి.మీ. దాటడం, అన్నిటికంటే ముఖ్యంగా మారుతూ ఉండటం. అమ్మ విషయంలో మీరు చెప్పినవాటిలో పెరగడం, అంచు చెదరడం, మానని పుండు ఉన్నాయి, డాక్టరు అనుమానించడం సరైనదే. ఒక్కోసారి నలుపే ఉండదు, ఎర్రగా మాంసం పెరిగినట్టు ఉంటుంది, అందుకే అరికాల్లో మానని పుండు ఏదైనా సరే ఎన్నాళ్లూ కట్లు కడుతూ కూర్చోకూడదు.

ఇక కత్తి తగిలితే పాకుతుందన్న మాట. బయాప్సీ వల్ల మెలనోమా పాకదు. ఈ మాట ఎందుకు నిలబడిందంటే, మనవాళ్లు బాగా ముదిరాక వస్తారు, అప్పటికే లోపలికి వెళ్లిపోయి ఉంటుంది, ముక్క తీశాక రెండు నెలలకి గజ్జల్లో బిళ్ళ (లింఫ్ గ్రంథి) కడితే నింద కత్తి మీద పడుతుంది. అసలు ప్రమాదం గీకడంలో ఉంది. మెలనోమాలో అన్నిటికన్నా ముఖ్యమైన సంఖ్య దాని లోతు. చర్మం పైపొర నుంచి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో మైక్రోస్కోప్ కింద కొలుస్తారు, దాన్ని బ్రెస్లో లోతు అంటారు. 1 మి.మీ. లోపు, 1 నుంచి 2, 2 నుంచి 4, 4 పైన అని స్టేజీ మొదలయ్యేది అక్కడే. పైపైన గీకితే ఆ కొలత పోతుంది. అందుకే చిన్న మచ్చ అయితే చుట్టూ 1 నుంచి 3 మి.మీ. మంచి చర్మంతో మొత్తంగా తీస్తారు, అరికాల్లో పెద్దదైతే బాగా మందంగా ఉన్న చోటునుంచి లోతుగా ముక్క తీస్తారు. చోటు మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇస్తారు, అరికాలు కాబట్టి ఆ సూది మాత్రం బాగానే నొప్పి పుడుతుంది, అమ్మకి ముందే చెప్పండి.

కుప్పం టీచరమ్మ:
అడ్డుపడుతున్నానని అనుకోవద్దు, ఇది చదివాక భయమేస్తోంది. నా చేతి గోళ్లలో నాలుగైదింటిలో నిలువుగా సన్నటి గోధుమ గీతలున్నాయి. మా అమ్మకీ ఉండేవి. ఇదీ అదేనా?

తిరుపతి, చర్మ విభాగం:
చాలా గోళ్లలో, సన్నగా, సమంగా, ఏళ్ల తరబడి మారకుండా ఉంటే మన రంగువాళ్లలో అది మామూలే అమ్మా. ఒక్క గోటిలోనే కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే, ముఖ్యంగా చేతి లేదా కాలి బొటనవేలికి, లేదా నలుపు గోరు దాటి గోరు మొదలు దగ్గరి చర్మం మీదికి దిగితే వెంటనే చూపించాలి. దెబ్బ తగిలి నల్లబడితే ఆ నలుపు గోరుతోపాటు ముందుకు జరుగుతుంది, వెనక తెల్లటి గోరు కనిపిస్తుంది. చేతి గోరు మొత్తం మారడానికి ఆరు నెలలు, కాలి బొటనవేలికి ఏడాది పైనే పడుతుంది. అందుకని నెలకోసారి ఫోటో తీసి పోల్చుకోండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఎప్పుడూ ఉంటే మాత్రం ఏమీ తెలీదు, పండక్కీ పండక్కీ మధ్య ఓసారి ఖాళీగా చూసుకోండి. (తలనీలాలిచ్చి వచ్చినవాళ్ల నెత్తి మీద మచ్చలు చూడటానికి కూడా అదే మంచి టైము, మిగతా రోజుల్లో ఎవరు చూస్తారు!)

చిత్తూరు నుంచి, నాన్నకి వచ్చింది:
తమ్ముడూ, మా నాన్నకి సరిగ్గా ఇదే, కుడి మడమ మీద. బయాప్సీలో అదే తేలితే తర్వాత ఏం జరుగుతుందో చెప్తా, తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. మచ్చని చుట్టూ ఉన్న మంచి చర్మంతో కలిపి మళ్లీ వెడల్పుగా తీస్తారు, లోతు 1 మి.మీ. లోపైతే చుట్టూ 1 సెం.మీ., 2 మి.మీ. దాటితే 2 సెం.మీ. అరికాల్లో అంత తీస్తే కుట్టడానికి చర్మం చాలదు కదా, తొడ నుంచి చర్మం తీసి అతికించారు. నిజం చెప్పాలంటే ఆపరేషన్ కంటే ఆ తర్వాత కాలు కింద పెట్టకూడదు అన్నదే నరకం, ఇంట్లో ఇండియన్ బాత్రూమ్ ఉంటే ముందే ఏదో ఒక ఏర్పాటు చేసుకోండి.

అదే రోజు గజ్జల్లో బిళ్ళ పరీక్ష కూడా చేశారు. మచ్చ దగ్గర నీలం రంగు మందు, కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కిస్తే అవి మొదట ఏ బిళ్ళకి చేరతాయో ఆ ఒక్కదాన్నే తీసి చూస్తారు. మరుసటి రోజు నాన్నకి మూత్రం పచ్చగా వచ్చేసరికి ఇంట్లో గగ్గోలు, నర్సమ్మ నవ్వి అది రంగేనమ్మా అంది. పూర్వం ఆ బిళ్ళలో క్యాన్సర్ ఉంటే గజ్జల్లో అన్నీ తీసేసేవాళ్లు, కాలు వాచిపోయేది. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం తర్వాత, అన్నీ తీసినంత మాత్రాన ఆయుష్షు పెరగదని తేలి, చాలామందికి స్కాన్లతో గమనిస్తున్నారు.

చంద్రగిరి:
కీమో ఇస్తారా అన్నా? ఖర్చు ఎంతలో ఉంటుంది?

చిత్తూరు నుంచి, నాన్నకి వచ్చింది:
పల్చగా ఉన్నప్పుడే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే అయిపోతుంది, మందులే అక్కర్లేదు. బిళ్ళలకో, ఊపిరితిత్తులకో పాకితే ఇప్పుడు కీమో కంటే ముందు ఇమ్యునోథెరపీ ఆలోచిస్తారు, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటివి. మన ఒంట్లోని రక్షణ కణాలకి పడ్డ బ్రేకు తీసేసి క్యాన్సర్ మీదికి వదులుతాయి, ఆ దారి కనిపెట్టిన ఇద్దరికి 2018లో నోబెల్ వచ్చింది. అయితే అరికాల్లో వచ్చే రకానికి ఇవి మిగతా మెలనోమాలంత బాగా పనిచేయవని డాక్టరు దాచకుండా చెప్పారు, అది నాకు నచ్చింది. బ్రాఫ్, కిట్ అని జన్యు పరీక్షలు రాస్తారు, అవి పాజిటివ్ వస్తే మాత్రలున్నాయి, మన రకంలో బ్రాఫ్ తక్కువమందికే వస్తుంది. ఇమ్యునోథెరపీ మొత్తం లక్షల్లో ఉంటుంది, పొలం అమ్మే ముందు రెండో అభిప్రాయం తీసుకోండి. తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది, జూపార్కు దారిలో టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వైపువాళ్లకి వెల్లూరు సీఎంసీ దగ్గర. ఎన్టీఆర్ వైద్యసేవలో ఏది వస్తుంది, ఏది రాదు అన్నది ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర టేబుల్ దగ్గరే అడగండి, మధ్యవర్తుల్ని నమ్మొద్దు.

పలమనేరు అబ్బాయి:
అందరికీ చాలా థాంక్స్. ఇదంతా మామయ్యకి చదివి వినిపించా, సరే నేనూ వస్తా పద అన్నాడు. సోమవారం బయాప్సీ. అమ్మ షుగర్ మాత్రలతో పాటు ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) కూడా వేసుకుంటుంది, ఆపేయాలా?

తిరుపతి, చర్మ విభాగం:
మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. ఇలాంటి చిన్న బయాప్సీకి ఎకోస్ప్రిన్ సాధారణంగా ఆపరు, కానీ వేసుకుంటోందని డాక్టరుకి తప్పకుండా చెప్పండి, మాత్రల చీటీ పట్టుకెళ్లండి. షుగర్ ఎంతుందో చూపించుకుని వెళ్లండి, ఎక్కువుంటే అరికాలి గాయం మానదు. అంతకుముందు బ్లేడుతో గీకిన సంగతి ఎవరినో పట్టించినట్టవుతుందని దాచకండి, ముక్కని చూసే పాథాలజీ డాక్టరుకి అది తెలియాలి. రిపోర్టు వచ్చాక లోతు ఎన్ని మి.మీ., పైన పుండు ఉందా, అంచుల్లో మిగిలిందా అన్న మూడు మాటలు అందులో ఉన్నాయో లేదో చూడండి. ఇంకో చోట చూపించాలనుకుంటే రిపోర్టు కాగితం చాలదు, గాజు స్లైడ్లు, తీసిన ముక్కని పొదిగి ఉంచే మైనపు బ్లాకు అడిగి తీసుకోండి. ఎండలో బండి డిక్కీలో మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది.