వలస కూలీలు రాకపోతే స్థానికుల కూలి పెరుగుతుందా? కాలిఫోర్నియా సేద్యం లెక్క

గట్టుమీదకాకి (ప్రశ్న):
మెక్సికో కూలీలను ఆపేస్తే స్థానికులకు కూలి పెరుగుతుందని ఒకరంటారు, కూరగాయలు కొనలేమని ఇంకొకరంటారు. మెక్సికో కూలీలను కాంట్రాక్టు మీద అమెరికా పొలాలకు తెచ్చిన బ్రసేరో ఒప్పందం 1964లో ఆగిపోయాక అక్కడి పొలాల్లో అసలేం జరిగింది? ఇప్పుడున్న హెచ్‌-2ఏ వీసాలో (సీజన్ పొలం పనికి విదేశీ కూలీలకిచ్చేది) మనిషిని తెచ్చుకుంటే రైతుకు ఎంత పడుతుంది? అంకెలతో చెప్పేవాళ్లుంటే చెప్పండి.

మడిచెక్క:
కూలి పెరగలేదండీ, సాగు పద్ధతి మారింది. బ్రసేరో 1942లో యుద్ధకాలపు కూలీల కొరతతో మొదలై 1964 డిసెంబరు 31తో ముగిసింది. ఈలోగా 45 లక్షల కాంట్రాక్టుల దాకా రాశారు. ఒకే మనిషి ఏటా వస్తే ఏటా ఒక కాంట్రాక్టు, కాబట్టి అంతమంది మనుషులు అనుకోకండి. క్లెమెన్స్, లూయిస్, పోస్టెల్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు రాష్ట్రాలవారీగా లెక్క తీసి 2018లో ప్రచురించారు. బ్రసేరోల (ఆ ఒప్పందం మీద వచ్చిన కూలీల) మీద బాగా ఆధారపడ్డ రాష్ట్రాల్లో కూలి, వాళ్లు అసలే లేని రాష్ట్రాల్లో కన్నా వేగంగా పెరగలేదని తేలింది.

కారణం టమాటాలో కనిపిస్తుంది. డేవిస్ యూనివర్సిటీలో జాక్ హానా మొక్క మీద, కోబీ లోరెంజెన్ యంత్రం మీద ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. ఆ యంత్రం మొక్కను నేల దగ్గర కోసి, తీగతో సహా పైకెత్తి, కుదిపి కాయ రాలుస్తుంది. అంటే చేనుకు ఒకటే కోత. మామూలు టమాటాలో పండు పక్కనే పచ్చికాయ, దాని పక్కనే పూత ఉంటాయి, అది యంత్రానికి పనికిరాదు. కాయలన్నీ ఒకేసారి పండాలి, దెబ్బకు తట్టుకోవాలి, కుదిపితే ఊడిరావాలి. వీఎఫ్‌-145 అనే రకం ఆ అవసరం కోసమే పుట్టింది. ఒప్పందం ముగిసే నాటికి విత్తనం, యంత్రం రెండూ చేతిలో ఉన్నాయి. 1960ల చివరికి క్యానరీ (ఉడికించి డబ్బాల్లో నింపే కార్ఖానా) టమాటా దాదాపు అంతా యంత్రపు కోతే. పంట తగ్గలేదు, రైతులు తగ్గారు. 1960ల మొదట్లో 4 వేల మంది దాకా వేసేవారు, పదేళ్లు తిరిగేసరికి 600 దరిదాపుల్లో మిగిలారు. చిన్న చెక్కలో ఆ యంత్రం ఖర్చు రాదు మరి.

తొడిమపట్టు:
పైన చెప్పింది నిజమే, కానీ అన్ని పంటలకీ అంటగట్టకండి. క్యానరీకి పోయే కాయ నలిగినా ఫర్వాలేదు, ఎలాగూ ఉడికించేదే. స్ట్రాబెర్రీ అలా కాదు. కోసేవాడు ఒంటిచక్రం బండి బోదెలో తోసుకుంటూ, ఆకుపచ్చ టోపీ పోకుండా తొడిమను గోటితో గిల్లి, దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ డబ్బాలోకే నేరుగా వేస్తాడు. మళ్లీ ప్యాకింగ్ ఉండదు, ఇంకో చెయ్యి తగిలితే పండు కములుతుంది. నిండు సీజన్లో అదే బోదెకి మూడు నాలుగు రోజులకోసారి రావాలి. ముఠాలో మనుషులు తగ్గి ఒక విడత తప్పిందా, ముగ్గిన పండుకు బూజు పడుతుంది, అది పక్క పండుకు అంటుకుంటుంది. అప్పుడు పారబొయ్యడానికి కూడా కూలి ఇచ్చి కోయించాలి.

ఆస్పరాగస్ (లేత మొలకలను తినే కూరగాయ)ది మూడో దారి. మొలకలను సీజనంతా ఇంచుమించు రోజూ చేత్తో కోయాలి. సరైన యంత్రం రాలేదు, పెరూ, మెక్సికోల నుంచి సరుకు దిగింది, కాలిఫోర్నియాలో ఆ సాగు చాలావరకు ఎత్తేశారు. ఏ పంటకైనా అడగాల్సింది ఒకటే: కూలీ దొరక్కపోతే యంత్రం వస్తుందా, దిగుమతి వస్తుందా?

కూలిపద్దు:
హెచ్‌-2ఏ లెక్క నేను చెప్తాను. వీసాల సంఖ్యకు పరిమితి లేదు. 2005లో 48 వేల చిల్లర కొలువులకు అనుమతిస్తే 2023లో 3.78 లక్షలకు ఇచ్చారు. ఇంత పెరిగింది చవకని మాత్రం కాదు.

పని మొదలయ్యే తేదీకి 75 నుంచి 60 రోజుల ముందు రాష్ట్ర కార్యాలయంలో జాబ్ ఆర్డర్ (పని వివరాల ప్రకటన) వెయ్యాలి. కనీసం 45 రోజుల ముందు కార్మిక శాఖకు దరఖాస్తు వెళ్లాలి. ఆ తర్వాత ఇమిగ్రేషన్ పిటిషన్, కాన్సులేటులో వీసా. బస ఉచితం, దానికి ముందే తనిఖీ ఉంటుంది. రానుపోను ఛార్జీలు కూడా రైతువే. కాంట్రాక్టు సగం గడిచేదాకా అర్హత ఉన్న స్థానికుడు వచ్చి అడిగితే కాదనకూడదు.

గంటకు ఇవ్వాల్సిన రేటు 2024లో కాలిఫోర్నియాలో 19.75 డాలర్లు. అప్పటికి రాష్ట్ర కనీస వేతనం 16. తలనొప్పంతా మూడొంతుల హామీతో వస్తుంది. 20 వారాలు, వారానికి 40 గంటలని రాసిస్తే మొత్తం 800 గంటలు. నాలుగింట మూడొంతులు, అంటే 600 గంటల పని చూపించాలి. ధర పడిపోయి 8 వారాలకే కోత ఆపేశారనుకోండి, చూపించింది 320. మిగతా 280 గంటలకు మనిషికి 5,530 డాలర్లు చేతినుంచి కట్టాలి. మంచుకో వరదకో పంట పోతే ఒప్పందం రద్దు చేసుకునే వీలుంది, మార్కెట్ బాగోలేదంటే కుదరదు. అందుకే వారాలు ఎక్కువ రాయడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు.

ఊరి సంగతి కూడా చూడాలి. కుటుంబంతో స్థిరపడ్డ వలసకూలీ జీతం అక్కడి అద్దెలకీ కిరాణాకీ తిరుగుతుంది. హెచ్‌-2ఏ మీద ఒంటరిగా వచ్చినవాడు చాలావరకు ఇంటికి పంపేస్తాడు. పొలం లెక్క సరిపోయినా ఊళ్లో వ్యాపారం పలచబడుతుంది.

గట్టుమీదకాకి:
అందరికీ థాంక్సండీ. ఇంకొక్కటి. పాడి పరిశ్రమకు కూడా ఇదే వీసా పనికొస్తుందా?

కూలిపద్దు:
పాలు పితికే పనికి రాదండీ. హెచ్‌-2ఏ సీజనల్ లేదా తాత్కాలిక పనికే, ఆవును ఏడాది పొడవునా పితకాల్సిందే. అదే డెయిరీలో మేత కోతకు మాత్రం సీజన్ చూపించి అడగొచ్చు. అలా వచ్చినవాణ్ణి పాల షెడ్డులోకి మారిస్తే నిబంధన తప్పినట్టే.