కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక్క పూట: తుపాన్లు, వాతావరణ మార్పుల గురించి టీచర్లకు ఏం చెప్పాలి?

దివిసీమ_బయాలజీ:
అందరికీ నమస్తే. నేను స్కూల్ అసిస్టెంట్‌ని, మాది నాగాయలంక వైపు. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే సమావేశం) వాతావరణ మార్పులు, విపత్తు సన్నద్ధత మీద టీచర్లకు ఒక పూట క్లాసు చెప్పమన్నారు. ఇచ్చిన పీపీటీలో ఓజోన్ పొర నుంచి పారిస్ ఒప్పందం దాకా అన్నీ ఉన్నాయి గానీ తుపాను హెచ్చరిక వచ్చిన రోజు బడిలో ఎవరు ఏం చేయాలో ఒక్క స్లయిడూ లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు, కానీ మా టీచర్లలో చాలామంది బదిలీ మీద వచ్చినవాళ్లే, సముద్రం పక్కన ఉన్న అలవాటు లేదు. మూడు గంటల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

విశాఖ_హెచ్ఎం:
పీపీటీ పక్కన పెట్టేయండి మేడం. తీరంలో చాలా బళ్లు తుపానప్పుడు పునరావాస కేంద్రాలవుతాయి, అంటే పిల్లలకు సెలవే గానీ బడికి సెలవు ఉండదు. తాళం ఎవరి దగ్గరుంటుంది, కరెంటు పోతే మరుగుదొడ్లకు నీళ్లెలా, అడ్మిషన్ రిజిస్టరు, టీసీ బుక్కులు ఏ బీరువా పై అరలోకి ఎక్కించాలి, ఇవి మాట్లాడించండి. రెండోది, ఓడరేవుల్లో ఎగరేసే 1 నుంచి 11 నంబర్లు ఓడల కోసం, టీవీలో పదో నంబరు అనగానే టెన్షన్ పడిపోతారు. మనం చూడాల్సింది ఐఎండీ (భారత వాతావరణ శాఖ) జిల్లాలవారీగా ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు. ఇంకోటి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, మా ఊరి మీదుగానే పోయింది. గాలి ఒక్కసారిగా ఆగితే తుపాను అయిపోయిందనుకుంటాం, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆ మధ్యలో తలుపు తీయకూడదని ప్రతి టీచరుకూ తెలియాలి.

ఆదిలాబాద్_ఎస్జీటీ:
మాకు తుపాన్లు లేవు, పిడుగులూ ఎండే. ఉరుము వినపడితే ఆటలు ఆపి పిల్లల్ని లోపలికి తేవాలి, చెట్టు కిందికి పోనివ్వొద్దు, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి వదలొద్దు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్కన పిడుగు ఎంత దూరంలో ఉందో పిల్లలే చెప్పేస్తారు, సైన్సు పాఠమూ అయిపోతుంది. ఎండ సంగతి మీ డెల్టాకూ వర్తిస్తుంది. 2015 ఎండలకు మన రెండు రాష్ట్రాల్లోనే రెండు వేల మందికి పైగా పోయారు. ఒంటిపూట బడి పెట్టామని నిశ్చింతగా ఉంటాం గానీ పిల్లలు ఇంటికి నడిచేది సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బే, నీడలో పడుకోబెట్టి ఒళ్లు తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు.

చాక్‌పీసు:
ఇప్పటికే యాప్‌లు, ఫొటోలు, సర్వేలు. ఇక విపత్తులు కూడా టీచరు నెత్తినేనా? ట్రైనింగ్ అయ్యాక గ్రూపు ఫొటో అప్‌లోడ్ చేస్తే పైవాళ్లకు చాలు. సరే, చెప్పక తప్పదంటే ఒక్క మాట: ప్రతి తుపానూ వాతావరణ మార్పు వల్లే అనకండి, 77లోనూ వచ్చింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అందుకే తక్కువ సేపట్లో కుంభవృష్టి పడే అవకాశం పెరుగుతోంది అని చెప్పండి, సరిపోతుంది.

దివిసీమ_బయాలజీ:
చాక్‌పీసు గారూ, విసుగు నాకూ ఉంది. కానీ 77లో పదివేల మంది దాకా పోతే, 1990 మేలో మా వైపే వచ్చిన పెద్ద తుపానుకు ముందే జనాన్ని తరలించడంతో మృతులు వెయ్యి లోపే. అది చూశాక వదిలేయబుద్ధి కాదు. మొదటి అరగంట వేడెక్కుతున్న సముద్రం, మిగతా టైమంతా ఎవరి బడి పటం వాళ్లతో గీయిస్తాను. కానీ ఏకోపాధ్యాయ బళ్ల సంగతేంటి? పిల్లల్ని లెక్కపెట్టేదీ, గేటు తీసేదీ, ఫోన్ చేసేదీ ఒక్కరేనా?

విశాఖ_హెచ్ఎం:
అందుకే ఆయాలనూ, మధ్యాహ్న భోజనం వండే అక్కలనూ పిలవండి. టీచరు బదిలీ అయిపోయినా వాళ్లు ఊళ్లోనే ఉంటారు, ఏ పిల్లాడిది ఏ ఇల్లో వాళ్లకే బాగా తెలుసు. మీటింగ్ ఆర్డరులో వాళ్ల పేర్లు ఉండవు, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని ముందే అడిగి పెట్టుకోండి.