సీనియర్ సిటిజన్ల ఒక్కరోజు ట్రిప్: పాత పట్నం మొత్తం చూపించాలా, రెండు చోట్లతో ఆపాలా?

నిర్వాహకుడు:
మా క్లబ్ తరఫున ఒక చారిత్రక పట్నానికి బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ట్రిప్ వేస్తున్నాం. కోట, మ్యూజియం, పాత వీధులు, ప్రార్థనా మందిరం, నది ఒడ్డు అన్నీ పెట్టాలని సగం మంది పట్టు. రెండు చాలు, నింపాదిగా చూద్దామని మిగతా సగం. కమిటీలో ఎంతకీ తెగడం లేదు. మీరేమంటారు?

ఎర్రటోపీ:
అన్నీ పెట్టండి. అంత దూరం వెళ్లి రెండు చూసి వస్తే మిగతావి ఎప్పుడు చూస్తాం? అరవై దాటగానే మమ్మల్ని గాజు సామాన్లలా చూడటం నాకు గిట్టదు. ఓపిక లేనివాళ్లు ఎక్కడ ఆగాలో వాళ్లకే తెలుసు.

పాతవీధి:
ఎర్రటోపీ గారూ, ఓపిక సంగతి తర్వాత, ముందు టైము లెక్క చూడండి. నలభై మంది, బస్సుకు ఒకటే తలుపు. మెట్టు దిగడానికి మనిషికి అర నిమిషం వేసుకున్నా అందరూ దిగేసరికి ఇరవై నిమిషాలు, మళ్లీ ఎక్కేసరికి ఇంకో ఇరవై. అయిదు చోట్ల ఆగితే మూడు గంటల పైచిలుకు తలుపు దగ్గరే పోతుంది. బాత్రూం దగ్గర క్యూ ఇందులో కలపలేదు. ఇక చూసేదేముంది?

నడక విషయానికొస్తే, రోడ్డు దాటే సిగ్నళ్లకు చాలా చోట్ల సెకనుకు 1.2 మీటర్ల వేగం లెక్క వేస్తారు. పెద్దవాళ్లలో చాలామంది చదునైన రోడ్డు మీదే అంత వేగం అందుకోలేరు. పాత పట్నాల్లో ఎగుడుదిగుడు రాళ్ల బాటలు, అరిగిపోయిన మెట్లు. ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం. బైఫోకల్ కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకు దగ్గరి చూపు కోసం ఉండే కింది అద్దంలోంచి మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది. భోజనం అయ్యాక రెండు గంటల లోపు కొందరికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. వయసుతో దాహం కూడా సరిగ్గా తెలియదు. పైగా దారిలో బాత్రూం దొరకదేమోనని చాలామంది నీళ్లే మానేస్తారు. ఇవన్నీ తెలిసి కూడా అయిదు చోట్లు పెట్టడం సభ్యుల్ని గౌరవించడం కాదు.

ఎర్రటోపీ:
అయితే రెండు జట్లు చేయండి. నడవగలిగినవాళ్లు ఒకటి, మెల్లగా వచ్చేవాళ్లు ఒకటి. ఒకరి కోసం ఇంకొకరు ఎందుకు ఆగాలి?

చేతికర్ర:
నేను కర్రతో నడిచే మనిషిని. ఆ రెండో జట్టు ఎలా ఉంటుందో చెప్తాను. గైడ్ మొదటి జట్టుతో వెళ్లిపోతాడు. మాకు నీడలో ఒక బెంచీ దొరుకుతుంది. "మీరు వెళ్లిరండి, మేం ఇక్కడే ఉంటాం" అంటాం. మొహమాటానికి అనే మాట అది, ఇష్టపడి కాదు. గ్రీసులోని ఏథెన్స్‌లో కొండ మీదున్న పురాతన కట్టడాల సముదాయం ఆక్రోపోలిస్‌కు 2020 డిసెంబరులో కొత్త లిఫ్ట్ పెట్టారు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం (2006) 30వ అధికరణం సాంస్కృతిక స్థలాలు అందరికీ అందాలంటుంది. అంత పెద్ద కొండ మీదికే దారి దొరికినప్పుడు, మన క్లబ్ ఒక్క రోజు మాతో కలిసి నడవలేదా?

ఎర్రటోపీ:
మీ మాట కాదనను. కానీ గంటల తరబడి ఒక్క చోటే నిలబడటం కూడా నాలాంటివాళ్లకు కష్టమే.

పాతవీధి:
నిలబడమని ఎవరన్నారండీ? పొద్దున కోట, ఆ తర్వాత మ్యూజియం, రెండూ అందరూ కలిసి. గైడ్ నడుస్తూ మాట్లాడకూడదు, అందరూ చేరాక ఆగి, మనవైపు తిరిగి చెప్పాలి. వినికిడి తగ్గినవాళ్లు పెదాలు చూసి కూడా అర్థం చేసుకుంటారు. భోజనమయ్యాక రెండు గంటలు ఎవరిష్టం వాళ్లది. నది దాకా నడిచేవాళ్లు నడవండి, కూర్చుని వీధిని చూసేవాళ్లు చూడండి. అప్పుడు ఎవరూ వెనకబడ్డట్టు ఉండదు, ఎందుకంటే ముందు వెళ్లే జట్టంటూ ఉండదు.

నిర్వాహకుడు:
కమిటీ ముందు ఇదే పెడతాను. బస్సు ప్రయాణం ఒక్కో వైపు మూడు గంటలు. మధ్యలో ఆపడం అవసరమా?

చేతికర్ర:
తప్పకుండా ఆపండి. కాళ్లు కదపకుండా అంతసేపు కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి, దిగగానే మొదటి మెట్టు దగ్గరే తూలుతాం. శుభ్రమైన బాత్రూం ఎక్కడుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ సంగతి బయలుదేరే ముందే అందరికీ చెప్పండి, అప్పుడే నీళ్లు తాగుతాం.