అమ్మ చివరి రోజుల్లో వాక్యం, ప్రార్థన, ప్రభువు బల్ల: పరలోక నిరీక్షణ గురించి ఎలా మాట్లాడాలి?

మల్లెతీగ

అందరికీ వందనాలు. అమ్మకు 72 ఏళ్లు. క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఇక చికిత్స లేదు, ఇంట్లో ప్రశాంతంగా ఉంచండి అన్నారు డాక్టర్లు. కొన్ని వారాలే అట. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇస్తున్నాం. మాది సీఎస్ఐ (ప్రొటెస్టంట్) సంఘం, పెద్దమ్మ వాళ్లు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్). ప్రార్థనకు వచ్చేవాళ్లలో కొందరు "స్వస్థత ఖాయం, చావు మాట ఎత్తితే అవిశ్వాసం" అంటున్నారు. అమ్మేమో రాత్రిళ్లు "నేను వెళ్లిపోతున్నానా?" అని నన్నే అడుగుతోంది.

ఆమెకు ఏం చెప్పాలి? ఏ భాగాలు చదవాలి, ఎంతసేపు? మింగడం కష్టమైంది కదా, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఎలా ఇప్పించాలి? ఏడేళ్ల మనవరాలికి ఎలా చెప్పాలి? తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు, వాడు వచ్చేవరకు భూస్థాపన ఆపాల్సి వస్తే ముందుగా ఏమేం చూసుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బేతనియ

సిస్టర్, ముందు అమ్మగారి ప్రశ్న. అలా అడిగే మనిషికి సంగతి సగం తెలిసే ఉంటుంది. "ఛ, ఏం మాటలవి" అని కొట్టిపారేస్తే మళ్లీ అడగరు, ఆ భయాన్ని ఒంటరిగా మోస్తారు. చెయ్యి పట్టుకుని "నీకేమనిపిస్తోందమ్మా?" అని అడిగి ఆగండి. ఆవిడ ఎంతవరకు వస్తే అంతవరకే మీరూ వెళ్లండి. "వెళ్తున్నట్టే ఉంది" అంటే "అవునమ్మా, డాక్టర్లూ అదే అన్నారు. మేం పక్కనే ఉంటాం, ప్రభువు అటువైపు ఉన్నాడు" అంటే చాలు. ఆ రాత్రికి ఇంకేమీ జోడించకండి.

స్వస్థత కోసం ప్రార్థించడం తప్పు కాదు. పెద్దలను పిలిపించుకోమని యాకోబు 5:14 చెబుతోంది. ప్రార్థించిన హిజ్కియా రాజుకు 15 ఏళ్ల ఆయుష్షు కలిసింది. కానీ "విశ్వాసం ఉంటే పోరు" అన్న మాట బైబిల్లో లేదు. 2 రాజులు 13:14 తీసి చూడండి. ఎంతమందికో మేలు చేసిన ఎలీషాయే "మరణకరమైన రోగముచేత" పోయాడు. పౌలు తన శరీరంలోని ముల్లు (తనను వేధించిన బాధ) తీసేయమని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". అదే పౌలు తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతో ఉండగానే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువైంది? ఆ మాట మంచంలో ఉన్న మనిషి చెవిన పడితే రోగం చాలదన్నట్టు "నా విశ్వాసం చాల్లేదు" అన్న నేరం కూడా నెత్తిన పడుతుంది. అందుకే వచ్చేవాళ్లకు గుమ్మంలోనే చెప్పండి: "23వ కీర్తన చదివి, రెండు నిమిషాలు ప్రార్థన చేయండి చాలు, అమ్మ అలసిపోతోంది." లోపలికి వచ్చి కళ్లు మూసుకున్నాక ఎవరినీ ఆపలేరు.

ఏం చదవాలంటే, ముందు అమ్మగారి బైబిలే తెరవండి. గీత గీసుకున్న వచనాలు, అంచుల్లో తేదీలు ఉంటాయి. అవే మొదట చదవండి. పాత అనువాదంలోనే చదవండి. "నాకు లేమి కలుగదు" అని ఆవిడ పెదవులు కదులుతుంటే మీరు వాడుక భాషలో ఇంకోలా చదివారనుకోండి, ఆవిడ దారి తప్పిపోతారు. కంఠతా వచ్చిన మాటలు మగతలో కూడా పైకి వస్తాయి.

ఒక్కసారికి ఐదారు వచనాలు మించొద్దు. యోహాను 14లో 1 నుంచి 6. యెషయా 46:4 ఒక్కటే చదివినా చాలు, "తల వెండ్రుకలు నెరయువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే" అన్నది. రోమా 8లో చివరి రెండు వచనాలు. ప్రకటన 21 చదివితే 5వ వచనం దగ్గర ఆపేయండి. చదువుకుంటూ పోతే 8లో అగ్నిగుండం వస్తుంది, నీరసంగా ఉన్న మనిషి చెవిలో చివరికి అదే మిగిలిపోతుంది. 1 కొరింథీ 15లో 58 వచనాలున్నాయి, 51 నుంచి 57 చాలు. 23వ కీర్తనలో ఒకటి గమనించండి. పచ్చిక దగ్గర "ఆయన" అన్న దావీదు, 4వ వచనంలో లోయలోకి దిగగానే "నీవు నాకు తోడైయుందువు" అంటాడు. అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, అప్పుడు ముందుకు వెళ్లండి.

పరలోకం గురించి చెప్పేటప్పుడు సగంలో వదలకండి. ప్రభువు పక్క సిలువ మీది దొంగతో "నేడు" నాతో ఉంటావన్నాడు (లూకా 23:43), పౌలు "క్రీస్తుతోకూడ" ఉండడం మేలన్నాడు (ఫిలిప్పీ 1:23). కన్ను మూసిన క్షణం నుంచి ఆయన దగ్గరే అన్న ధైర్యం అక్కడిది. కానీ మన నిరీక్షణ అక్కడితో అయిపోదు, క్రీస్తు మళ్లీ వచ్చే రాకడలో ఈ శరీరమే లేస్తుంది. జబ్బుతో చిక్కి సగమై, తన ఒంటిని తానే చూసుకోలేకపోతున్న మనిషికి ఫిలిప్పీ 3:21లో "మన దీనశరీరము" మహిమగల శరీరంగా మారుతుందన్న మాట చాలా దగ్గరగా తగులుతుంది. చనిపోయినవారు ఇప్పుడు నిద్రలో ఉన్నారా, మెలకువగా ఉన్నారా అన్న వాదన మాత్రం మంచం పక్కన వద్దు.

మీరు కూడా ఏడవండి. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడవద్దన్నాడు పౌలు, అసలు దుఃఖపడొద్దని ఎక్కడా అనలేదు. ఇంకాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు.

రాత్రి డ్యూటీ

పాలియేటివ్ నర్సింగ్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే సేవ) పనిలో ఉన్నదాన్ని. ప్రార్థనకు టైము మందును బట్టి పెట్టుకోండి. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేయడానికి అరగంట పడుతుంది, సుమారు 4 గంటలు ఉంటుంది. మాత్ర వేసిన అరగంట తర్వాత నుంచి గంటన్నర లోపు చదవడం, మాట్లాడడం మంచిది. తర్వాతి డోసు దగ్గరపడేటప్పుడు ప్రభువు బల్ల ఇవ్వడానికి పాస్టర్ గారిని రమ్మంటే ఆవిడ నొప్పితో మెలికలు తిరుగుతుంటారు, "ప్రార్థన అంటే చికాకు పడుతోంది" అని బంధువులు అపార్థం చేసుకుంటారు. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, విరేచనాల మందు కూడా రాయించుకున్నారా? కడుపు బిగిసి పొర్లాడడాన్ని "ఆత్మ కొట్టుమిట్టాడుతోంది" అనుకున్న ఇళ్లు చాలా ఉంటాయి. విశ్వాసం పేరుతో నొప్పి మాత్ర ఆపించే మాట ఎవరన్నా అంటే వినకండి. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అది ప్రాణం తీసే మందు కాదు.

గదిలో ఒకసారికి ఇద్దరు ముగ్గురే ఉండాలి. ఆయాసం ఉంటే ముఖానికి కొంచెం పక్కగా ఫ్యాను, తెరిచిన కిటికీ. చెవి దగ్గర మామూలు గొంతుతో మాట్లాడండి, గట్టిగా అరవొద్దు. స్పృహ లేనట్టున్నా వినబడుతోందనే అనుకుని మాట్లాడండి. ఆస్తి గొడవలు, శవపేటిక బేరాలు ఆ గదిలో వద్దు.

చివరి రోజుల్లో ఆకలి పోతుంది. తిండి మానేయడం వల్ల ప్రాణం పోవడం లేదు, ప్రాణం పోతున్నందువల్ల తిండి అక్కర్లేకుండా పోతోంది. బలవంతంగా చెంచాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొంతులో నీళ్లో పాలో పోయాలని పెద్దవాళ్లు పట్టుబడతారు, ఒప్పుకోకండి. తడిపి పిండిన దూది లేదా గాజుగుడ్డతో గంటకోసారి నోరు తుడవండి, పెదవులకు వ్యాజ్‌లైన్. రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. గొంతులో గరగర వస్తే ఒక పక్కకు పడుకోబెట్టండి. ఆ చప్పుడు మనల్ని భయపెట్టినంతగా ఆవిడను బాధపెట్టదు. శ్వాస మధ్యలో చాలాసేపు ఆగి మళ్లీ రావడం, కాళ్లు చల్లబడి మచ్చలు తేలడం కనిపిస్తే దూరాన ఉన్నవాళ్లకు ఫోన్ చేయాల్సిన సమయం వచ్చినట్టే.

"మా అమ్మ వచ్చి నిలబడింది" అంటారు కొందరు. కాదని వాదించొద్దు, దర్శనమని ఊరంతా చెప్పొద్దు. "అలాగా అమ్మా, భయంగా ఉందా?" అని అడగండి. భయపడుతుంటే డాక్టరుకు చెప్పండి, దానికి మందుంది.

తెలంగాణలో ఉంటే ప్రభుత్వ "ఆలన" పాలియేటివ్ కేంద్రం మీ జిల్లాలో ఎక్కడుందో కనుక్కోండి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది.

గుడిగంట

ప్రభువు బల్ల గురించి. పాస్టర్ గారికి ఇప్పుడే చెప్పండి, మింగే శక్తి ఉండగానే. చివరి రోజు దాకా ఆగితే ఎక్కువసార్లు ఆలస్యమే అవుతుంది. తల, వీపు కింద దిండ్లు పెట్టి బాగా లేపి కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టి ఇవ్వొద్దు. రొట్టె బియ్యపు గింజంత తుంచి, ద్రాక్షరసంలో బాగా నానబెట్టి నాలుక మీద పెట్టమనండి. దగ్గు వస్తే ఆపేయాలి. అది కూడా కష్టమైతే రసం తడిపిన వేలితో పెదవులకు రాయవచ్చేమో అయ్యగారితో ముందే మాట్లాడుకోండి. ఎంత లోపలికి పోయిందన్న కొలతను బట్టి కృప రాదు. ఇంట్లో వాళ్లంతా ఆవిడతో కలిసి తీసుకుంటే ఇంకా మంచిది, తనొక్కతే రోగిలా కాక సంఘంలో ఒకరిలా ఉంటుంది.

ఇక సమాధుల తోట. దీన్ని చివరికి వదిలేసి చాలామంది ఇబ్బంది పడతారు. అమ్మగారి పేరు సభ్యత్వ రిజిస్టరులో ఎక్కడుందో, చందా బాకీ ఏమైనా ఉందో కమిటీలో ఒకరిని అడిగి ఇప్పుడే సరిచేసుకోండి. పెళ్లయ్యాక ఊరు మారినవాళ్ల పేరు పాత సంఘంలోనే ఉండిపోతుంది, అప్పటికప్పుడు ఉత్తరం కోసం పరుగెత్తాల్సి వస్తుంది. నగరాల్లో స్థలం కొరత కాబట్టి కుటుంబ సమాధి ఉంటే అందులోనే కుదురుతుందా అని అడగండి. పెట్టె చేసేవాళ్లకు ఎత్తు, భుజాల వెడల్పు రెండూ చెప్పాలి.

తమ్ముడి టికెట్ సంగతి. ఫ్రీజర్ బాక్సు ఇంట్లో ఒకటి రెండు రోజులకు సరిపోతుంది, అద్దెకు దొరికే నంబరు ముందే రాసిపెట్టుకోండి. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా వాళ్లను అడగండి. అంతకంటే ఆలస్యమైతే ఆసుపత్రి మార్చురీ. నిజానికి వాడు ఇప్పుడే రావడం మేలు, పెట్టెలో ఉన్న అమ్మను చూడటం కంటే మాట్లాడే అమ్మను చూడటం మంచిది. ఇంట్లో చనిపోతే చూస్తున్న డాక్టరు దగ్గర మరణ కారణం రాయించుకోవాలి, 21 రోజుల్లో పంచాయతీలో గానీ మునిసిపాలిటీలో గానీ నమోదు చేయించాలి. డాక్టరుకు ఈ విషయం ముందే చెప్పి ఉంచండి, అర్ధరాత్రి తెలియని డాక్టరు సంతకం పెట్టడు.

భూస్థాపనలో ఏ కీర్తనలు పాడాలో అమ్మనే అడగండి. అది అశుభం కాదు. చాలామంది ముఖం వెలిగిపోతుంది ఆ ప్రశ్నకి.

పాపకు "నిద్రపోయింది" అని చెప్పొద్దు, రాత్రి పడుకోవడానికి భయపడుతుంది. "దేవుడు తీసుకెళ్లిపోయాడు" అన్నా కోపం దేవుడి మీదికే పోతుంది. "అమ్మమ్మ ఒంట్లో గుండె ఆగిపోయింది, ఇక నొప్పి లేదు. అమ్మమ్మ యేసయ్య దగ్గర ఉంది. ఒకరోజు యేసయ్య అందరినీ లేపుతాడు" అని ఇదే వరుసలో చెప్పండి. అదే ప్రశ్న పదిసార్లు అడుగుతుంది, పదిసార్లూ అవే మాటలతో చెప్పాలి.

ఉపదేశి

పెద్దమ్మగారి కోసం చిన్న మాట. ఆర్‌సీఎం వాళ్లకు అవస్థ అభ్యంగనం (రోగికి గురువు నూనె పూసి చేసే ప్రార్థన) బ్రతికి ఉన్నవాళ్లకే, ప్రాణం పోయాక ఇవ్వరు. జబ్బు తీవ్రమైతే మళ్లీ కూడా ఇవ్వవచ్చు కాబట్టి తొందరపడి పిలిచామేమో అన్న బెంగ అక్కర్లేదు. పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) మాట ఉండగానే చేయడం మేలు, అందుకే గురువులను త్వరగా పిలవాలి. రోగులకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ సత్ప్రసాదానికి (కాథలిక్కుల ప్రభువు బల్లకు) ముందు గంట ఉపవాసం నియమం లేదు. అప్పం మింగలేకపోతే ద్రాక్షరసం రూపంలో మాత్రమే ఇవ్వడానికి కూడా శ్రీసభ చట్టం ఒప్పుకుంటుంది.

మీ అమ్మగారు సీఎస్ఐ కాబట్టి మీ పాస్టర్ గారే రావాలి. పెద్దమ్మగారు పక్కన కూర్చుని జపమాల మౌనంగా చెప్పుకోవచ్చు, అమ్మగారికి అభ్యంతరం లేకపోతే.

మల్లెతీగ

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. తమ్ముడికి ఈ రోజే ఫోన్ చేశాను, శుక్రవారం బయల్దేరుతున్నాడు. ఒక్క ప్రశ్న మిగిలింది. నాన్నగారు బాప్తిస్మం తీసుకోలేదు, ఆరేళ్ల కింద పోయారు. "ఆయన అక్కడ కనిపిస్తారా?" అని అడుగుతోంది అమ్మ. అవునంటే అబద్ధమేమో, కాదంటే ఎలా తట్టుకుంటుంది?

బేతనియ

రెండూ అనకండి. ఆయన చివరి గంటలో ఏం జరిగిందో ప్రభువుకే తెలుసు. సిలువ మీద దొంగ ఆఖరి మాట ఆ పక్కనున్న కొద్దిమందే విన్నారు. అబ్రాహాము సొదొమ గురించి దేవుడితో వాదించి పట్టుకున్న మాట ఆదికాండము 18:25లో ఉంది: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" దాన్ని చదివి, "నాన్నను నీకంటే ఎక్కువ ఎరిగినవాడి చేతిలో ఉన్నాడమ్మా" అని చెప్పండి. తర్వాత ఆవిడతో నాన్నగారి గురించి మాట్లాడించండి. ఆయనను తలచుకుని ఏడవాలనిపిస్తే ఏడవనివ్వండి. అది ముగిశాక చిన్న ప్రార్థనలో ఆయన పేరు కూడా ఎత్తి, ఆ భారాన్ని మీ ఇద్దరూ కలిసి ప్రభువుకు అప్పగించండి. ఆవిడ మళ్లీ అడిగితే మళ్లీ అదే వచనం చదవండి.